అండాశయ క్యాన్సర్ మెదడుకు పాకినప్పుడు
(మహిళా ఆరోగ్య కార్యకర్తల శిక్షణా తరగతుల్లో ఒక క్యాన్సర్ వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల కోసం పనిచేస్తున్న మీ ముందు నిలబడి, మెదడుకు పాకిన క్యాన్సర్ గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. పైగా ఇది చాలా అరుదైన విషయం. అండాశయ క్యాన్సర్ వచ్చిన స్త్రీలు నూరుమంది ఉంటే, వాళ్లలో ఒకరిద్దరికి మాత్రమే అది మెదడుదాకా వెళ్తుందని ఎన్నో ఏళ్లుగా వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. అయితే మన దేశంలో ఏటా 45 వేల మందికి పైగా స్త్రీలకు కొత్తగా అండాశయ క్యాన్సర్ ఉన్నట్టు బయటపడుతోంది. అందులో నూటికి ఒకరన్నా వందల మంది. వాళ్లలో చాలామందికి తమ తలలో ఏముందో చివరిదాకా తెలియదు. ఇంట్లో అందరికీ తెలుస్తుంది, ఆమెకు తప్ప. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు జబ్బు గురించి చెప్పుకుందాం. గర్భసంచికి అటూ ఇటూ బాదంకాయంత ఉండే రెండు అండాశయాలూ పొత్తికడుపు లోతులో ఉంటాయి. అక్కడ గడ్డ పెరిగినా పైకి కనబడదు, చేతికి తగలదు. పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం - మొదట కనబడే లక్షణాలు ఇవే. వీటిని మన ఇళ్లలో ఎవరు జబ్బుగా లెక్కచేస్తారు? 'గ్యాసు' అంటారు. 'ముట్లు ఆగే వయసు కదా, అలాగే ఉంటుంది' అంటారు. మందుల షాపులో గ్యాసు బిళ్లలు కొనుక్కొచ్చి ఆరునెలలు మింగుతారు. పొట్టలో నీరు చేరి, చీర కుచ్చిళ్లు బిగుతయ్యాక ఆస్పత్రికి వస్తారు. అప్పటికి చాలామందిలో జబ్బు కడుపంతా పరుచుకుని ఉంటుంది. దీన్ని ముందుగా పట్టుకునే పరీక్ష ఏదైనా ఉందా అంటే, లేదు. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా స్త్రీలకు ఏళ్ల తరబడి రక్తపరీక్షలు, స్కానింగులు చేసి చూశారు. ఆ పరీక్షల వల్ల మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. కాబట్టి ఎవరైనా 'ప్యాకేజీ' కింద సిఎ-125 రక్తపరీక్ష అమ్మజూపితే, ఏ లక్షణమూ లేని ఆడవాళ్లు దానికి డబ్బు తగలేసుకోనక్కరలేదు. లక్షణాలున్న మనిషిని మాత్రం పొట్టమీద చెయ్యి వేసి చూడకుండా, స్కానింగ్ చేయించకుండా గ్యాసు బిళ్లలిచ్చి పంపితే ఊరుకోకూడదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశం మొత్తంమీద ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో అన్నిటికంటే ఎక్కువ. 15 నుంచి 49 ఏళ్ల మధ్యవాళ్లలోనే నూటికి 8 మందికి పైగా ఉన్నారు. 'తీసేస్తే క్యాన్సర్ భయం పోతుంది' అని వాళ్లలో ఎంతమందికి చెప్పి ఉంటారో మీకు నాకంటే బాగా తెలుసు. గర్భసంచి తీసేసినా అండాశయాలు ఉంచి ఉండొచ్చు. ఏం తీశారో, ఏం ఉంచారో ఆమెకు తెలియదు. కాగితం ఉండదు. అలాంటి మనిషికి పొట్ట ఉబ్బితే, 'నాకు ఆపరేషన్ అయిపోయింది కదా' అనుకుని నిశ్చింతగా ఉండిపోతుంది. అండాశయాలు కూడా తీసేసినా, కడుపులోపలి పొరలో అదే రకం క్యాన్సర్ పుట్టే అవకాశం కొద్దిగా మిగిలే ఉంటుంది.

ఇక మెదడు సంగతి. ఈ క్యాన్సర్ మామూలుగా కడుపులోనే పాకుతుంది. పేగుల మీద, కాలేయం పైపొర మీద, వపలో విత్తనాలు చల్లినట్టు పడుతుంది. రక్తంలో కలిసి దూరంగా వెళ్లడం తక్కువ. మెదడుకు వెళ్లిందంటే రక్తనాళాల దారినే వెళ్తుంది. ఎక్కువగా వేగంగా పెరిగే సీరస్ రకంలో, మొదట్లోనే ముదిరి కనబడినవాళ్లలో ఇలా జరుగుతుంది. క్యాన్సర్ బయటపడిన కొద్ది నెలల్లో కాదు, సాధారణంగా రెండు మూడేళ్ల తర్వాత. అంటే ఆపరేషన్ అయి, కీమో అయి, జుట్టు మళ్లీ మొలిచి, 'గండం గడిచింది' అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్న తర్వాత.

ఎందుకలా? మెదడుకు ఒక కాపలా ఉంది. రక్తంలో ఉన్నవన్నీ మెదడులోకి పోకుండా అక్కడి రక్తనాళాల గోడలు గట్టిగా అడ్డుకుంటాయి. విషాల్ని ఆపటానికి ప్రకృతి ఏర్పరచిన అడ్డు అది. మనం ఇచ్చే కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ మందుల్ని కూడా అదే చాలావరకు ఆపేస్తుంది. కడుపులోని కణాలు మందుకి చస్తాయి. ఎలాగో మెదడులో చేరిన నాలుగు కణాలు మాత్రం ఆ కాపలా చాటున దాక్కుని బతుకుతాయి. మందులు మెరుగై స్త్రీలు ఎక్కువ కాలం బతుకుతున్నారు కాబట్టే, ఒకప్పుడు మేం దాదాపు చూడని ఈ పరిస్థితిని ఇప్పుడు తరచుగా చూస్తున్నామని చాలామంది వైద్యుల అభిప్రాయం. అది సరైనదనే నాకూ అనిపిస్తుంది.

లక్షణాల దగ్గర కొంచెం ఆగుతాను. ఊళ్లలో మీకే ముందు కనబడతాయి కాబట్టి. తెల్లవారి లేవగానే తలనొప్పి, దాంతోపాటు వాంతులు. నడిస్తే ఒక పక్కకి తూలిపోవడం. ఒక చెయ్యో కాలో బలహీనపడటం. మాట తడబడటం, చూపు రెండుగా కనబడటం. అంతకుముందు ఎప్పుడూ లేని ఫిట్లు. వీటితోపాటు, ఇంట్లోవాళ్లు చెప్పుకోవటానికి సిగ్గుపడేవి కొన్ని: మనిషి స్వభావం మారిపోతుంది. వంట మధ్యలో వదిలేసి కూర్చుంటుంది. ఉన్నట్టుండి ఏడుస్తుంది, తిడుతుంది, బట్ట సరిచేసుకోదు. అప్పుడు ఊరేమంటుంది? గాలి సోకిందంటుంది. ఇంట్లోవాళ్లు భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. చదువుకున్నవాళ్లయితే 'డిప్రెషన్' అంటారు. పక్షవాతమనుకుని పసరుమందు కోసం ఊళ్లు తిరిగేవాళ్లూ ఉన్నారు. అండాశయ క్యాన్సర్‌కి వైద్యం జరిగిన ఏ స్త్రీకైనా, అది ఎన్నేళ్ల కిందటిదైనా సరే, ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కొత్తగా వచ్చినా మెదడుకి ఎం.ఆర్.ఐ. తీయించాలి. రంగుమందు ఎక్కించి తీసే ఎం.ఆర్.ఐ. సిఎ-125 మామూలుగా ఉంది కదా అని ధైర్యపడొద్దు. మెదడులో గడ్డ ఉన్నా కొందరిలో ఆ అంకె పెరగదు.

ఫిట్లు వచ్చిన మనిషికి ఏం చెయ్యాలో మీరు ఊళ్లలో చెప్పగలరు. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, చుట్టూ గట్టి వస్తువులు తీసెయ్యాలి. నోట్లో చెంచా, గుడ్డ లాంటివేవీ కుక్కకూడదు. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ప్రయోజనమేమీ లేదు, ఆ హడావిడిలో సమయం పోవడం తప్ప. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు వైద్యం. మొట్టమొదట ఇచ్చేది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. చాలా పాతది, చాలా చవక. గడ్డ చుట్టూ మెదడు వాచి ఉంటుంది కదా, ఆ వాపు తగ్గుతుంది. నిన్నటిదాకా లేవలేని మనిషి రెండ్రోజుల్లో లేచి కాఫీ అడుగుతుంది. ఇంట్లోవాళ్లు జబ్బు నయమైందనుకుంటారు. నయం కాలేదు, వాపు తీసింది. ఈ మందుతో షుగరు పెరుగుతుంది, మొహం ఉబ్బుతుంది, నిద్ర పట్టదు, కడుపులో మంట వస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, కొన్ని వారాలు వాడాక ఒక్కసారిగా ఆపకూడదు. బిళ్లలు అయిపోయాయనో, ఊళ్లో డాక్టరు 'స్టెరాయిడ్ మంచిది కాదు' అన్నాడనో ఆపేసి, ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించాలి. ఫిట్లు వచ్చినవాళ్లకి ఫిట్ల మందు తప్పనిసరి. ఎప్పుడూ రానివాళ్లకి, 'ఎందుకైనా మంచిది' అని నెలల తరబడి ఇవ్వడం అవసరం లేదు.

ఆ తర్వాత అసలు ప్రశ్నలు మూడు. గడ్డ ఒకటేనా, చాలా ఉన్నాయా? కడుపులో జబ్బు అదుపులో ఉందా? మనిషి తన పని తాను చేసుకునే స్థితిలో ఉందా? ఒకటే గడ్డ ఉండి, అందుబాటు చోట ఉంటే ఆపరేషన్ చేసి తీయొచ్చు. 1990లో అమెరికాలో 48 మంది మీద జరిగిన ఒక పరిశోధన ఉంది. మెదడులో ఒకే గడ్డ ఉన్నవాళ్లలో కొందరికి ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చారు, కొందరికి రేడియేషన్ మాత్రమే ఇచ్చారు. మొదటివాళ్లలో సగంమంది 40 వారాలు దాటి బతికారు. రెండోవాళ్లలో సగంమంది 15 వారాలే. వాళ్లలో ఎక్కువమంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు. అండాశయ క్యాన్సర్‌లో ఇది అరుదు కాబట్టి ఇలాంటి పెద్ద పోలిక ఎవరూ చేయలేకపోయారు. మిగతా క్యాన్సర్ల నుంచి నేర్చుకున్నదాన్నే ఇక్కడ వాడుతున్నాం. ఆపరేషన్, రేడియేషన్, ఆపైన మళ్లీ కీమో పొందినవాళ్లు ఏడాది, రెండేళ్లు, కొందరు ఇంకా ఎక్కువ కాలం బతికినట్టు ఆస్పత్రుల రికార్డులు చూపిస్తాయి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అన్ని వైద్యాలూ తట్టుకోగల బలం ఉన్నవాళ్లకే అన్నీ ఇచ్చారు. ఆ బలం కూడా వాళ్లని బతికించి ఉంటుంది. కార్పొరేట్ ఆస్పత్రి ప్రకటనల్లో ఈ మెలిక గురించి రాయరు.

రేడియేషన్‌ని మనవాళ్లు 'కరెంటు పెట్టడం' అంటారు. ఆ మాట వినగానే భయపడతారు. ఇందులో కరెంటు షాకేమీ లేదు, నొప్పి తెలియదు. రెండు రకాలున్నాయి. మొత్తం మెదడుకి ఇవ్వడం పాత పద్ధతి. సాధారణంగా 10 రోజుల్లో 30 గ్రేలు ఇస్తారు. జుట్టు రాలుతుంది, నీరసం, నిద్రమత్తు ఉంటాయి. కొన్ని నెలల తర్వాత జ్ఞాపకశక్తి తగ్గొచ్చు. రెండోది, గడ్డ మీదికే అన్ని వైపుల నుంచి కిరణాల్ని గురిపెట్టడం. స్వీడన్ వైద్యుడు లార్స్ లెక్సెల్ కనిపెట్టిన గామా నైఫ్ 1968లోనే వచ్చింది. పేరులో కత్తి ఉన్నా కోత ఉండదు. ఇప్పుడు మామూలు రేడియేషన్ యంత్రాల్లో కూడా కొన్నిటిమీద ఈ పని చేయగలుగుతున్నారు. గడ్డలు కొన్నే ఉన్నప్పుడు ఇదే మేలు, జ్ఞాపకశక్తి నిలుస్తుంది. మొత్తం మెదడుకి ఇవ్వక తప్పనప్పుడు కూడా, జ్ఞాపకాలకి ఆధారమైన భాగాన్ని తప్పించి ఇస్తూ, తోడుగా మెమాంటీన్ బిళ్లలు వాడితే నష్టం తగ్గుతుందని 2020లో వచ్చిన పరిశోధన చెప్పింది. మీరు రోగి తోడుగా వెళ్లినప్పుడు 'గడ్డలు ఎన్ని? గురిపెట్టి ఇచ్చే వీలుందా?' అని అడగండి. ఆ ప్రశ్న అడగటానికి డాక్టరు చదువు అక్కరలేదు.

మంచం పట్టిన మనిషికి మాత్రం మెదడంతటికీ రేడియేషన్ ఇవ్వడం వల్ల పెద్ద లాభం ఉండకపోవచ్చు. 2016లో బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 538 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద చేసిన పరిశోధనలో, రేడియేషన్ తీసుకున్నవాళ్లకీ, స్టెరాయిడ్‌తో, ఇతర ఉపశమన వైద్యంతో సరిపెట్టినవాళ్లకీ ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 'ఏదో ఒకటి చెయ్యండి డాక్టర్' అని కొడుకులు కన్నీళ్లు పెట్టుకుంటారు. ఆ ఏదో ఒకటి కోసం చివరి నెలలో రెండు వారాలు ఆమెని జిల్లా నుంచి హైదరాబాదుకి ఆటోల్లో బస్సుల్లో తిప్పడం ఎవరి తృప్తి కోసమో ఆలోచించాలి.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది ఇంకా ఎక్కువగా చూస్తాను. 'ఆడమనిషి, వయసైపోయింది, పిల్లలంతా సెటిలయ్యారు, ఇంకేం ఖర్చుపెడతాం' అని, వైద్యానికి లొంగే ఒంటరి గడ్డని కూడా వదిలేయడం. నిజామాబాదు వైపు నుంచి వచ్చిన ఒకామెకి యాభై దాటాయి. ముప్ఫయ్యేళ్లుగా బీడీలు చుట్టిన మనిషి. అండాశయ క్యాన్సర్‌కి వైద్యం అయిన రెండేళ్లకి తూలి పడటం మొదలైంది. చిన్న మెదడులో ఒకే గడ్డ. కొడుకులిద్దరూ నా గదిలోకి వచ్చి, 'అమ్మకు చెప్పకండి మేడం, తీస్కపోతం' అన్నారు. అంతకుముందు చూపించిన ఒక ప్రైవేటు ఆస్పత్రిలో అప్పటికే ఆమెతో 'నరాల బలహీనత' అని చెప్పి పంపారు. నేను ఆమెని ఒంటరిగా కూర్చోబెట్టి, 'అమ్మా, నీ జబ్బు గురించి నీకు ఎంత తెలుసు, ఎంత తెలుసుకోవాలని ఉంది?' అని అడిగాను. ఆమె అన్నమాట అలాగే చెబుతాను: 'తలకాయ నాది గదా మేడం. అందరికి చెప్పి నాకెందుకు జెప్తలేరు?' చెప్పాను. రెండ్రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడోరోజు ఆపరేషన్‌కి ఒప్పుకుంది. ఆ తర్వాత రేడియేషన్ ఇచ్చాం. ఆమె పద్నాలుగు నెలలు బతికింది. ఆ కాలంలో బీడీ కంపెనీ నుంచి రావలసిన పి.ఎఫ్. డబ్బు తీసుకుంది. తన పేర ఉన్న ఇంటిజాగాని, మొగుడు వదిలేసిన కూతురి పేర రాసింది. కొడుకులకి అది నచ్చలేదు. చెప్పొద్దనడంలో ప్రేమ మాత్రమే ఉండదు, కొన్నిచోట్ల లెక్కలు కూడా ఉంటాయి.

ఆమెకి చెప్పడం నా దయ కాదు, ఆమె హక్కు. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత ఒకామెని పరీక్ష కోసం మత్తు ఇచ్చి పడుకోబెట్టి, బయట ఉన్న తల్లి చేత ఒప్పుకోలు తీసుకుని, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. సమీరా కోహ్లీ కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో 2008లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ప్రాణాపాయం లేనప్పుడు, రోగి మెలకువలోకి వచ్చి తానే నిర్ణయించుకోగలిగినప్పుడు తల్లి సంతకం చెల్లదంది. పరీక్షకి ఒప్పుకుంటే వైద్యానికి ఒప్పుకున్నట్టు కాదంది. నష్టపరిహారం 25 వేలే. ఒక స్త్రీ శరీరభాగాలకి మన వ్యవస్థ కట్టిన ఖరీదు చూసి బాధపడొచ్చుగానీ, తీర్పులోని సూత్రం మనకి ఆయుధం. మొగుడు సంతకం, కొడుకు సంతకం అడిగే ప్రతి ఆస్పత్రిలోనూ దీన్ని గుర్తుచేయండి.

మెదడు జబ్బులో ఒక అదనపు చిక్కు ఉంది. నిర్ణయం తీసుకోవలసిన మెదడుకే జబ్బు. ఇవాళ స్పష్టంగా మాట్లాడిన మనిషి వచ్చే నెల మాట్లాడలేకపోవచ్చు. అందుకని తెలివి ఉన్నప్పుడే అడగాలి. వెంటిలేటర్ కావాలా, ఎక్కడ ఉండాలనుంది, తన తరఫున ఎవరు మాట్లాడాలి - కూతురా, చెల్లెలా, స్నేహితురాలా? ఇలా ముందుగా రాసి ఉంచే పత్రాన్ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. ఒకవేళ ఆమె 'నాకేమీ చెప్పొద్దు, నా బిడ్డకు చెప్పండి' అంటే, అది కూడా ఆమె నిర్ణయమే. మనం బలవంతంగా చెప్పకూడదు. మన చైతన్యాన్ని ఆమె నెత్తిన రుద్దడం కూడా ఒక పెత్తనమే.

నొప్పి గురించి ఒక్క మాట. కడుపులో జబ్బు వల్ల వచ్చే తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ బిళ్ల మంచి మందు, చవకైనది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఎన్నో ఏళ్లు ఆస్పత్రులు దాన్ని దగ్గర ఉంచుకోలేదు. 2014 సవరణతో అనుమతులు సులువయ్యాయి. అయినా జిల్లాల్లో దొరకడం కష్టం. ఆడవాళ్లు ఓర్చుకుంటారన్న మాట ఎవరైనా అంటే, ఆ ఓర్పుకి మందు లేకపోవడమే కారణమని చెప్పండి. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది. ఖర్చు విషయంలో, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో వేర్వేరు పేర్లతో నడుస్తోంది. మీరు వెళ్లిన ఆస్పత్రిలో ఏ వైద్యానికి అది వర్తిస్తుందో, మెదడు ఆపరేషన్‌కీ రేడియేషన్‌కీ వేర్వేరుగా, ముందే అక్కడి ఆరోగ్యమిత్రని అడిగి తెలుసుకోండి.

చివరగా కుటుంబంలోని ఆడపిల్లల గురించి. అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఆరేడుగురిలో ఒకరికి బి.ఆర్.సి.ఏ. అనే జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుంది. ఆ లోపం ఉన్నవాళ్లలో మెదడుకు పాకడం కొంచెం ఎక్కువని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. అదే లోపం ఉన్నవాళ్లకి ఒలాపరిబ్ వంటి కొత్తరకం బిళ్లలు బాగా పనిచేస్తాయి. 2014 చివర్లో అమెరికాలో మొదట అనుమతి పొందిన మందు అది. మెదడులోని గడ్డలు కూడా వీటికి తగ్గినట్టు కొందరు రోగుల విషయంలో వైద్యులు రాశారు. ఖరీదు మాత్రం మామూలు కుటుంబాలకి అందేది కాదు. ఈ లోపం తల్లి నుంచే కాదు, తండ్రి నుంచి కూడా వస్తుంది. 'మీ వంశంలోనే ఉంది' అని కోడలి పుట్టింటిని తిట్టేవాళ్లకి ఆ సంగతి చెప్పండి. పెళ్లికాని ఆడపిల్లకి పరీక్ష చేయిస్తే సంబంధాలు రావని దాచేస్తున్నారు. దాస్తే ఆ పిల్లకి నలభయ్యో ఏట పొట్ట ఉబ్బేదాకా తెలియదు. తెలిస్తే, పిల్లలు పుట్టాక అండాశయాలు, అండనాళాలు తీయించుకుని ప్రమాదాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు. అనవసరంగా తీసేసే ఆపరేషన్లని ఎదిరించే మనమే, అవసరమైనచోట ఈ ఆపరేషన్ అందుబాటులో ఉండాలని కూడా అడగవలసి ఉంటుంది.

రోగి అడిగిన 72 గంటల్లో ఆమె రికార్డులు ఇవ్వాలని 2002 నుంచి వైద్యుల నియమావళిలో ఉంది. మొదటి ఆపరేషన్ నోటు, బయాప్సీ రిపోర్టు, కీమో ఎన్ని విడతలు ఇచ్చారన్న కాగితం, ఎం.ఆర్.ఐ. ఫిల్ములు - ఇవన్నీ ఒక సంచిలో, ఆమె దగ్గరే ఉండాలి. కొడుకు స్కూటర్ డిక్కీలో కాదు. ఇక మీరు అడగండి, నాకు తెలిసినంతవరకు చెబుతాను.